అమ్మ ఎండబెట్టిన మాయ

ఆ జనవరిలో మా ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా పక్కన నా మాయ ఉంది. బిడ్డ పుట్టాక వెనకాలే పడే మాయ. అడిగితే ఆస్పత్రి వాళ్లు సంతకం పెట్టించుకుని, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించి ఇచ్చారు. నా భర్త వంశీ దాన్ని ఐస్ పెట్టెలో ఇంటికి తెచ్చి, రెండు సంచుల్లో చుట్టి పై అరలో పెట్టాడు. అమ్మ ఫ్రిజ్ తలుపు తీసి ఆ సంచులను చూసింది. పాలగిన్నె, పెరుగుగిన్నె, పప్పుచారు బయటికి తీసి, వెనక తలుపు తెరిచి, మెట్ల మీద మంచులో వరసగా పెట్టి వచ్చింది.

“అత్తమ్మా, బయట ఉడతలుంటయి,” అన్నాడు వంశీ.

“ఉండనియ్ కొడుకా. ఉడతలే నయం.”

అది 2023. కెనడాలో కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో పద్మిని ఆంటీ వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకు ఉండేవాళ్లం. ఆంటీ, అమరేశ్వరరావు అంకుల్ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. అమెరికాలో కొన్నేళ్లు చేసి ఇక్కడికి వచ్చారు. నేను స్టూడెంట్ వీసా మీద వచ్చి, కాలేజీలో ఆఖరి సెమిస్టర్‌కు సెలవు పెట్టాను. వంశీ వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఆ ఏడు మా వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా విద్యార్థులే. మా కిటికీ నేలకు సమానంగా ఉంటుంది కాబట్టి బస్టాప్‌కు పోయేవాళ్ల బూట్లే కనిపించేవి, మాటలే వినిపించేవి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ మొదటి రోజు ఆ మాటలు విని, “మనూర్ల పోరగాండ్లు కానస్తలేరనుకున్న. అందరు ఈడనే ఉన్నరా,” అంది.

మాయ సంగతి నాకు మెరెడిత్ చెప్పింది. ఆమె కమ్యూనిటీ సెంటర్‌లో గర్భిణులకు క్లాసులు చెప్పేది. మాయను కడిగి, ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టి, పొడి చేసి క్యాప్సూల్స్‌లో నింపి ఇస్తుంది. పురుడయ్యాక రోజూ వేసుకుంటే తల్లి మనసు కుంగదని, పాలు పడతాయని, లోకంలో జంతువులన్నీ చేసేది అదేనని చెప్పింది. నేను ఆస్పత్రి నర్సును కూడా అడిగాను. దానివల్ల లాభం ఉందని ఎవరూ రుజువు చేయలేదని, శుభ్రత తప్పితే బిడ్డకు ఇన్ఫెక్షన్ రావచ్చని, డాక్టర్లు వద్దనే చెబుతారని ఆమె చెప్పింది. తర్వాత నీ ఇష్టం అంది. ఇద్దరి మాటా విన్నాను. మెరెడిత్‌కు ఫోన్ చేశాను.

కారణం మా అక్క సరోజన.

అక్క మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. కొడుకు పుట్టిన కొన్నాళ్లకు అక్క గోడవైపు తిరిగి పడుకుంది. వానాకాలం వెళ్లిపోయేదాకా అలాగే ఉంది. పిల్లవాడు ఏడిస్తే లేచేది కాదు. లేపితే కూర్చునేది. ఒళ్లో పెడితే పట్టుకునేది. మళ్లీ మేం తీసుకునేదాకా అలాగే పట్టుకుని ఉండేది. చూడవచ్చిన ఆడవాళ్లు తలో మాట అన్నారు. అమ్మ కూడా అంది. తర్వాత అక్క తేరుకుంది, అత్తగారింటికి వెళ్లిపోయింది. ఇప్పటికీ వస్తుంది, పోతుంది. అందరితో మాట్లాడుతుంది. అమ్మతో మాత్రం అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే. ఆ వానాకాలం మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను ఆ గదిలోనే పడుకునేదాన్ని. కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచి నాకు అక్క వీపు గుర్తొచ్చేది.

క్యాప్సూల్స్ సంగతి అమ్మకు కాన్పుకు ముందే చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

“మాయ తింటవా?”

“తినుడు కాదమ్మా. గోలీల లెక్క మింగుడు.”

“మింగినా కడుపులకే పోతది గద.”

అమ్మ పుట్టినింట్లో బర్రెలు, మెట్టినింట్లో బర్రెలు. బర్రె ఈనుతుందంటే ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. దూడ కోసం కాదు. మాయ పడగానే బర్రె తల తిప్పి తినేస్తుంది. తింటే పాలు ఎండిపోతాయని మా వైపు నమ్మకం. మా ఇంట్లో ఆ కాపలా అమ్మది. కట్టె పట్టుకుని కూర్చునేది. మాయ పడగానే గంపలోకి ఎత్తి, పెంటకుప్ప అవతల గొయ్యి తీసి పూడ్చేది. మనుషులదీ అంతే. కుక్క ముట్టనంత లోతున పూడ్చాలి.

“ఎన్ని బర్రెల కాడ కూసున్ననో నాకే యాదికి లేదు,” అంది అమ్మ. “నోరులేని గొడ్డునే తిననియ్యలేదు. నిన్ను తిననిస్తనా?”

“జంతువులన్నీ తింటయంట. మెరెడిత్ చెప్పింది.”

“తింటయి. తినవని నేనన్ననా? మరి ఆమె ఎన్నడన్న బర్రెను సాదిందా?”

వంశీకి నవ్వొచ్చింది. నేను చూసేసరికి చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు.

పాప ఆస్పత్రిలో తెల్లవారాక పుట్టింది. నర్సు మాయను ట్రేలో పరిచి దీపం కింద తిప్పి చూస్తుంటే అమ్మ కుర్చీలోంచి లేచి పక్కన నిలబడింది.

“మొత్తం పడ్డదా, తునక గిట్ల లోపల్నే ఉన్నదా అడుగు.”

అడిగాను. తానూ అదే చూస్తున్నానని నర్సు చెప్పింది. అంచుల వెంట వేలు తిప్పుతూ అమ్మకు చూపించింది. అమ్మ వంగి చూసింది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ చూడటం అయ్యాక ఒకరికొకరు తలలు ఊపుకున్నారు. నర్సు డబ్బా తెచ్చి దాన్ని అందులో పెడుతుంటే అమ్మ కిటికీ వైపు తిరిగింది.

మేం ఇంటికి వచ్చిన రోజే మెరెడిత్ రావాలి. మంచు తుఫాను వచ్చి రోడ్లు మూసేశారు. మర్నాడు ఆమె పిల్లలిద్దరికీ వాంతులు పట్టుకున్నాయి. ఇంట్లో ఆ జబ్బు పెట్టుకుని మీ ఇంటికి రాలేనని, ఎక్కువ రోజులు ఫ్రిజ్‌లో ఉంచవద్దని మెసేజ్ పెట్టింది. ఖాళీ క్యాప్సూల్స్, వాటిని నింపే పలక ముందే ఇచ్చి వెళ్లింది. చేసే పద్ధతి కూడా రాసి పంపింది.

“నేను చేస్త,” అన్నాడు వంశీ. గ్లవ్స్ వేసుకుని డబ్బా మూత తీశాడు. మూత పెట్టాడు. గ్లవ్స్‌తోనే నేల మీద కూర్చున్నాడు.

“వేర్‌హౌస్‌ల ఒకడికి వేలు తెగితే నేనే కట్టు కట్టిన రిషీ. ఇది నాతోని కాదు.”

తర్వాతి పొద్దున పెరట్లో చప్పుడు వినిపించింది. పాపను ఎత్తుకుని వెనక కిటికీ దగ్గరికి వెళ్లాను. అమ్మ వంశీ కోటు వేసుకుని, మంచు ఎత్తే ప్లాస్టిక్ పారతో కంచె పక్కన తవ్వుతోంది. మంచు లేచింది. దాని కింద గడ్డకట్టిన మట్టి లేవలేదు. ఇంకోచోట పొడిచింది. పార అంచు విరిగింది. పైన డెక్ మీదికి అమరేశ్వరరావు అంకుల్ కాఫీ కప్పుతో వచ్చారు.

“ఏం చేస్తున్నారండీ ఈశ్వరమ్మగారూ?”

“బీరపాదు పెడ్దామని సారూ.”

“జనవరిలోనా?”

“జాగ తీసి పెట్టుకుంటే ఒక పని అయిపాయె గద.”

అంకుల్ ఆమెనూ, పారనూ కాసేపు చూశారు. “ఇనప పార ఉందండీ గరాజ్‌లో. కావాలంటే తీసుకోండి,” అని లోపలికి వెళ్లారు.

అమ్మ ఇనప పారతోనూ ప్రయత్నించింది. లోపలికి వచ్చి కోటు విప్పేసరికి వేళ్లు కందిపోయి ఉన్నాయి.

“ఈడ భూమి తీసుకుంటలేదు,” అంది.

“అమ్మా, నాకు భయమైతుంది. నేను గూడ అక్క లెక్క అయితనేమో.”

అమ్మ కుళాయి తిప్పి వేడినీళ్ల కింద చేతులు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. తుడుచుకుంది. ఫ్రిజ్ తలుపు తీసి, సంచులు విప్పి, డబ్బాను గట్టు మీద పెట్టింది.

“సన్నగ కొయ్యాల్నా, మందంగనా?” అని అడిగింది.

వంశీ బాత్రూం గుమ్మంలో నిలబడి, ఇటు చూడకుండా, మెరెడిత్ రాసింది చదువుతూ తెలుగులో చెప్పాడు. అమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని కడిగింది. ఆవిరికి పెట్టింది. చల్లారాక కోసింది. యాటను కోసినప్పుడు మిగిలిన మాంసాన్ని దారానికి గుచ్చి, దండెం మీద ఎండబెట్టి వరుగులు చేసే ఇల్లు మాది. ఇక్కడ దండెం లేదు, ఎండ లేదు. ఓవెన్ ఉంది.

“పసుపెంత?”

“పసుపు వద్దంట అత్తమ్మా. ఏం కలపొద్దంట.”

“పసుపు లేకుంటే ఎట్ల,” అని చిటికెడు చల్లింది.

ఓవెన్ సాయంత్రం దాకా నడిచింది. బేస్‌మెంట్‌లో ఏం వండినా హీటర్ గొట్టాల్లోంచి పై ఇంటికి వాసన పోతుంది. పద్మిని ఆంటీ మెట్లు దిగి వచ్చింది.

“ఏం చేస్తున్నారండీ ఈశ్వరమ్మగారూ, ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది. మా ఆయన మటన్ ఉప్పుకండ అంటున్నారు. వాళ్ల నాయనమ్మ చేసేదట. లేచి రెండుసార్లు మెట్ల దాకా వచ్చారు. ఒక ముక్క ఉంటే పెడతారేమోనని...”

వంశీ నేల వైపు చూశాడు. నేను పాప వైపు చూశాను.

“అది బాలింత మందు పద్మినమ్మా,” అంది అమ్మ. “మగోళ్లు తినద్దు.”

“అలాగాండీ. మందుకి ఇంత మంచి వాసనేంటో,” అంటూ ఆంటీ వెళ్లిపోయింది.

అమ్మ ఎండిన ముక్కలను మిక్సీలో పొడి పట్టింది. ఆ జార్ మళ్లీ వంటకు పనికిరాదని అమ్మ చెప్పింది, కొత్తది తెచ్చేదాకా మా ఇంట్లో చట్నీ లేదు. క్యాప్సూల్స్ నింపడం ఆమెకు కష్టం కాలేదు. పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుట్టిన చేతులు. ఒక్కొక్కటి నింపి, మూత నొక్కి, బీడీ కట్ట చూసినట్టు చివర్లు చూసి సీసాలో వేసింది. అన్నీ అయ్యాక తలంటు పోసుకుంది. ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున గ్లాసు నీళ్లు, చెంచాలో రెండు క్యాప్సూల్స్ తెచ్చేది. చేత్తో ముట్టేది కాదు. నేను మింగేటప్పుడు అటు తిరిగేది.

“పోయిందా?”

“పోయిందమ్మా.”

అప్పుడు ఇటు తిరిగి, గ్లాసు తీసుకుని, శొంఠి కాయం, వెల్లుల్లి కారం, నెయ్యి కలిపిన అన్నం మొదలుపెట్టేది. పాపకు నీళ్లు పోసి సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగేది. వంశీ కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపేవాడు. అమ్మ కింద నుంచి, “గట్టిగ ఊపు కొడుకా, దానికి సిగ్గు లేదు,” అనేది. నేను నవ్వేదాన్ని. మందు పనిచేస్తోందని వంశీ మెరెడిత్‌కు మెసేజ్ పెట్టాడు.

ఫిబ్రవరిలో అది వచ్చింది. ఏ రోజు వచ్చిందో చెప్పలేను. పాప ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టు వినిపించేది. వాళ్లు చూసుకుంటారులే అనుకునేదాన్ని. ఫోన్ మోగితే ఆగేదాకా దాన్ని చూసేదాన్ని. వంశీ ఏదైనా అడిగితే జవాబు తెలిసేది, దాన్ని నోటిదాకా తేవడం పెద్ద పనిగా ఉండేది. క్యాప్సూల్స్ ఒక్క పూట కూడా మానలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ అన్నం పళ్లెం తీసుకుని గదిలోకి వచ్చింది. నా వెనక ఆమె అడుగులు ఆగిపోయాయి. అవి ఆగినప్పుడే నేను గోడవైపు తిరిగి ఉన్నానని నాకు తెలిసింది.

అమ్మ పళ్లెం కింద పెట్టింది. మంచం మీద నా వెనక కూర్చుంది. నా వీపు మీద చెయ్యి వేసి, పాప ఏడ్చేదాకా తీయలేదు.

వంశీ పని నుంచి రాగానే వంటగట్టు దగ్గర వాళ్ల మాటలు వినిపించాయి.

“డాక్టర్ కాడికి తోల్కపోదాం కొడుకా.”

“మెరెడిత్‌ను అడిగిన అత్తమ్మా. రెండు కాదు, నాలుగు ఏసుకొమ్మన్నది.”

“నాలుగు కాదు, సీస మొత్తం మింగినా తక్కువ కాదు. గిది నేను చూసిందే.”

“ఇంకో నాలుగు రోజులు చూసి...”

“నాలుగు రోజులు చూద్దామన్నోళ్లమే మేము గూడ.”

వంశీ క్లినిక్‌కు ఫోన్ చేశాడు.

క్లినిక్‌లో వంశీ పాపను ఎత్తుకుని బయట కూర్చున్నాడు. అమ్మా నేనూ లోపలికి వెళ్లాం. డాక్టర్‌కు నా కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. వరసగా అడిగింది. నిద్ర పడుతోందా? ఓకే అన్నాను. తింటున్నావా? ఓకే. పాపతో ఎలా ఉంది? ఓకే.

ఇంగ్లీషులో అమ్మకు తెలిసిన మాటల్లో అదొకటి.

“ఓకే గాదు,” అంది. “ఆమెకు చెప్పు. ఓకే గాదని చెప్పు.”

డాక్టర్ టైపు చేయడం ఆపి అమ్మను చూసింది. మీ అమ్మగారు ఏమంటున్నారు అని అడిగింది. ఫోన్‌లో దుబాసీ కోసం ప్రయత్నించింది. తెలుగు దుబాసీ ఎవరూ దొరకలేదు. మీ భర్తను పిలవనా అంది. అమ్మ అప్పటికే మొదలుపెట్టింది.

“నా బిడ్డ గోడ దిక్కు తిరిగి పండుకుంటది.”

ఇంగ్లీషులో చెప్పాను. కొన్ని రోజులుగా నేను అంత పొడుగు వాక్యం మాట్లాడలేదు.

“పిల్ల ఏడిస్తే లేవదు. మొండితనం గాదు. దానికి ఇనవడదు.”

చెప్పాను. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.

“నేను దాన్ని పనిదొంగ అన్న. మేమందరం కనలేదా, నువ్వొక్కదానివే కన్నవా అన్న.”

మాటలు వెతుక్కున్నాను. డాక్టర్ ఆగింది. చెప్పాను.

“ఒకనాడు చెంప మీద కొట్టిన. అట్లనన్న లేస్తదేమోనని.”

అది నాకు తెలియదు. నేను కాలేజీకి వెళ్లిన పూట జరిగి ఉంటుంది. దాన్నీ ఇంగ్లీషులో చెప్పాను. డాక్టర్ కీబోర్డు పక్కకు నెట్టి కుర్చీ నా వైపు తిప్పింది. మీ అమ్మగారు మిమ్మల్ని కొట్టారా? ఇంట్లో మీకు భయంగా ఉందా? అని నెమ్మదిగా అడిగింది.

“నన్ను కాదు. మా అక్కను. చాలా ఏళ్ల కింద.”

“మరి ఇప్పుడు ఎవరి గురించి చెబుతున్నారు?”

నేను అమ్మ వైపు తిరిగాను. “ఎవరి గురించి చెప్తున్నవని అడుగుతుంది.”

అమ్మ డాక్టర్ వైపు చెయ్యి చాపి రెండు వేళ్లు చూపించింది.

డాక్టర్ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తర్వాత అడిగిన ప్రశ్నలే మళ్లీ మొదటి నుంచి అడిగింది. నిద్ర పడుతోందా? ఈసారి నేను ఓకే అనలేదు.

మాత్రలు రాసింది. పాలిచ్చేవాళ్లు వేసుకోవచ్చని చెప్పింది. క్యాప్సూల్స్ మానేయమంది. వారానికోసారి నర్సు ఇంటికి వచ్చేది. మాత్రలు పనిచేయడానికి సమయం పట్టింది. కొన్ని రోజులు లేచాను, కొన్ని రోజులు లేవలేదు. లేవని రోజు అమ్మ పాపను తెచ్చి నా పక్కన పడుకోబెట్టి, మా ఇద్దరి పక్కన తాను కూర్చునేది. పద్మిని ఆంటీ వచ్చి ఏమైందని అడిగితే, “జబ్బు చేసింది, మందు ఏస్తున్నం,” అని చెప్పేది. గొంతు తగ్గించేది కాదు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున నేను పాపకు పాలిచ్చి భుజాన వేసుకున్నాను. మా ఊళ్లో అప్పుడు సాయంత్రం. అమ్మ ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

“అక్కకు నువ్వు చెప్పు,” అంది. “గిది జబ్బేనంట, మందులున్నయంట అని చెప్పు.”

“నువ్వే చెప్పమ్మా.”

“నేను చెప్తే ఇంటదా?”

“తెల్వదు.”

అమ్మ నంబర్ నొక్కింది. స్పీకర్ ఆపడం ఆమెకు రాదు కాబట్టి ఎవరితో మాట్లాడినా ఇల్లంతా వినపడేది. ఇన్నాళ్లూ ఇక్కడి నుంచి అక్కకు ఫోన్ చేసేది నేనే. అమ్మ పేరు చూసి అక్క కంగారుపడింది.

“ఏమైందే అమ్మా? రిషి మంచిగున్నదా? పాప?”

“అందరు మంచిగున్నరు.”

“మరేంది?”

అమ్మ నా వైపు చూసింది. నేను పాపను రెండో భుజానికి మార్చుకున్నాను.

“ఏం లేదు బిడ్డా. నీతోని మాట్లాడాలె,” అంది అమ్మ. “జర సేపు పడతది. నిలబడి ఉన్నవా?”

అవతల కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.